పదకొండో పేజీలో రేణుక మొహం

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ పూర్తిగా తెరిచిన సంవత్సరం, జూన్ నెలలో నన్ను ప్రచురణల విభాగానికి మేనేజరుగా వేశారు. అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా అదే కంపెనీలో టెక్నికల్ రైటర్‌గా చేశాను. ఇంజినీర్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో, వాడేవాళ్లకు అర్థమయ్యేలా రాసే పని అది. మా క్యాంపస్ హైటెక్ సిటీలో. ఇల్లు లింగంపల్లిలో. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది.

కొత్త పోస్టులో నాకు అప్పగించిన మొదటి పని సామాజిక బాధ్యత నివేదిక. ఏడాది పొడుగునా కంపెనీ చేసిన సేవా కార్యక్రమాలను ఫొటోలతో సహా అచ్చువేసి క్లయింట్లకు, డైరెక్టర్లకు పంపే పుస్తకం. వెబ్‌సైట్‌లో కూడా పెడతారు. దానికొక వరస ఉంది: ఫొటోలు, వాటిలో ఉన్నవారి అంగీకార పత్రాలు, డిజైన్, ప్రూఫు, న్యాయ విభాగం పరిశీలన, అన్నీ అయ్యాక విభాగం మేనేజరు సంతకం. దాన్ని సైన్-ఆఫ్ అంటాం. అది పడ్డాక పుస్తకంలో తప్పు ఎవరు చేసినా జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవారే. ఇక్కడ నేను ఎవరి మీద ఎంత కోపం చూపించినా, ఆ సంతకం నాదేనన్న సంగతి చదివేవారు మరిచిపోకూడదు.

ఆ ఏడాది నివేదికలో పదకొండో పేజీ ఖాజాగూడలోని మహిళా శిక్షణ కేంద్రానిది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపేది, మా కంపెనీ సాయం చేసేది. క్యాంటీన్ నిర్వహణ, కంప్యూటర్ మీద వివరాలు ఎక్కించడం వంటివి నేర్పి, చుట్టుపక్కల క్యాంపస్‌లలో ఉద్యోగాలు చూపించేవారు. కేంద్రం బాధ్యురాలు విమల గారు. మాది గుంటూరు జిల్లా, ఆవిడదీ అదే. చర్చిలో పరిచయం లేకపోయినా అయిదు నిమిషాల్లో ఇద్దరికీ తెలిసిన పాస్టరు ఒకాయన బయటపడ్డాడు.

ఫొటో తీసే రోజు నేనూ వెళ్లాను. శిక్షణ పూర్తయిన పన్నెండు మంది సర్టిఫికెట్లు పట్టుకుని రెండు వరసల్లో నిలబడ్డారు. విమల గారు నన్ను పక్కకు పిలిచి, "ఈ నలుగురివీ మొహాలు కనబడకూడదండి. ఇళ్లలో దెబ్బలు పడలేక వచ్చినవాళ్లు. ఎక్కడున్నారో అవతలివాళ్లకి తెలియదు" అని వేలితో చూపించారు. అంతలో ఆ నలుగురిలో ఒకామె తనే నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. పేరు రేణుక, ఊరు వికారాబాద్ వైపు. బ్యాచిలో మొదటి స్థానం ఆమెదే.

"ఫొటోల నేనుంట మేడమ్. ఫస్టొచ్చిన, సర్టిఫికెట్ వట్టుకొని దిగాలె గద. గని మొహం మాత్రం కనవడొద్దు. నేనేడున్ననో మా ఆయనకు తెల్వదు. తెలిస్తే ఊకుండడు" అంది.

అయితే ఫొటోలో లేకపోతేనే మంచిది కదమ్మా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆయన కోసం గిది గూడ ఇడిసిపెట్టాల్నా?" అని అడిగింది. "సరేనమ్మా, కనబడదు. పూచీ నాది" అన్నాను. ఆ మాట నేను ఇచ్చాను, కంపెనీ కాదు.

ఆఫీసుకు వచ్చాక ఫొటో చూసి సామాజిక బాధ్యత విభాగం అధిపతి ప్రభాకర్ గారు మొహం చిట్లించారు. హోదాలో ఆయన వైస్ ప్రెసిడెంట్, నాకంటే మూడు మెట్లు పైన. "మొహాలు దాచేస్తే పోలీసులు మీడియా ముందు నిలబెట్టిన దొంగల్లా ఉంటారు గ్రేస్ గారూ. చూసేవాళ్లకి ఎమోషన్ కనబడాలి. స్మైల్ కనబడాలి" అన్నారు. వాళ్లను వెనకనుంచి తీసిన ఫొటో, సర్టిఫికెట్లు పట్టుకున్న చేతుల ఫొటో కూడా మా దగ్గర ఉన్నాయి. అవి వేద్దామన్నాను. చేతులు చూసి ఎవరికేం అనిపిస్తుంది అన్నారు. చివరికి ఆ నలుగురి మొహాలూ మసకగా చేసేలా రాజీ కుదిరింది.

మా డిజైనర్ ఫణి కర్నూలు మనిషి, పనిమంతుడు. గట్టిగా మసక చేసి చూపించాడు. ప్రభాకర్ గారు కొంచెం పలచన చేయమన్నారు. చేశాడు. ఇంకొంచెం అన్నారు. మూడోసారి ఫణి నా దగ్గరికి వచ్చి, "ప్రతిసారీ మొదటినుంచి చేయలేక మసకని వేరే పొరగా పెట్టినాను మేడమ్. కావాలంటే తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు" అన్నాడు. మంచిదే అన్నాను. మూడోసారి పలచన చేయడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.

ఇక్కడ ఆ పని గురించి రెండు మాటలు చెప్పాలి. కంప్యూటర్‌లో మొహాన్ని దాచడానికి రెండు దారులున్నాయి. ఫొటో మీద మసక పొర ఒకటి పరచడం మొదటిది. చూసేవారికి మొహం కనబడదు కానీ కింద అసలు ఫొటో అలాగే ఉంటుంది, గోడ మీది ఫొటోకు గుడ్డ కప్పినట్టు. రెండోది, ఫొటో నకలు తీసి, అందులో మొహం ఉన్న చోట బొమ్మను ఏర్పరిచే చుక్కలనే చెరిపేసి, పొరలన్నీ కలిపి ఒకటే బొమ్మగా మార్చేయడం. దాన్నుంచి మొహాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. అచ్చుకు ఏది చేసినా ఒకటే. కాగితం మీద సిరా పడ్డాక కింద పొర మిగలదు. తేడా వచ్చేదల్లా కంప్యూటర్ ఫైలు బయటికి వెళ్లినప్పుడు.

ఈ తేడా మా కంపెనీకి తెలియనిదేమీ కాదు. అదే నివేదికలో ఆరో పేజీలో మా ఇంజినీర్లు మీటింగు గదిలో నవ్వుతూ కూర్చున్న ఫొటో ఉంది. వాళ్ల వెనక తెల్లబోర్డు మీద ఒక క్లయింటు పేరు, చిన్న పటం కనబడుతున్నాయి. న్యాయ విభాగం రెండు రోజులు ఫణి పక్కన కూర్చుని దాన్ని చెరిపించింది. పొరలు కలిపించింది. ఫైలులో దాగి ఉండే చిన్న నమూనా బొమ్మను కూడా తీయించింది. ఆ తర్వాత సెక్యూరిటీ విభాగం నుంచి ఒక ఇంజినీరును పిలిపించి, చెరిపినదాన్ని వెనక్కి తేగలవేమో ప్రయత్నించమంది. అతను తేలేకపోయాడు. అప్పుడు గానీ ఆ పేజీ కదల్లేదు. అయిదు పేజీల తర్వాత నలుగురు ఆడవాళ్ల ప్రాణభయం ఉంది. దాని గురించి న్యాయ విభాగం అడిగింది ఒక్కటే, అంగీకార పత్రాలు ఉన్నాయా అని. ఉన్నాయన్నాను.

నేను ప్రూఫు చూశాను. మొహాలు కనబడలేదు. సంతకం పెట్టాను. పుస్తకం అచ్చయింది, అందరూ బాగుందన్నారు.

రెండు వారాల తర్వాత ప్రభాకర్ గారి విభాగం, నాకు చెప్పకుండా, వెబ్‌సైట్ కోసం ఫోన్లో చదువుకునేలా వేరే కూర్పు తయారుచేయమని బయటి ఏజెన్సీకి ఇచ్చింది. ఏజెన్సీకి పంపింది అచ్చు ఫైలు కాదు, మా ఉమ్మడి ఫోల్డరులోంచి తీసిన ఫణి పని ఫైలు. పొరలున్న ఫైలు. నా సైన్-ఆఫ్ పాతదే చాలనుకున్నారు. లింకు వచ్చినప్పుడు నేనూ తెరిచి చూశాను. మొహాలు మసకగానే ఉన్నాయి. పేజీ మూసేశాను.

సోమవారం ఉదయం పదకొండు కావస్తుండగా విమల గారి ఫోన్. ఆవిడ గొంతు ఎప్పుడూ నిదానంగా ఉంటుంది, ఆరోజు లేదు.

"గ్రేస్ గారూ, రేణుక మొగుడు వచ్చాడండి. గేటు దగ్గర అరిచి గోల చేశాడు. ఫోన్లో ఫొటో చూపిస్తున్నాడు. మీ పుస్తకంలో ఫొటోయేనండి. మొహం స్పష్టంగా ఉంది."

అదెలా సాధ్యమన్నాను. తర్వాత తెలిసింది ఇది. కేంద్రంలో రేణుకతో పాటు శిక్షణ పొందిన ఒకమ్మాయికి వెబ్‌సైట్ లింకు అందింది. ఫోన్లో ఆ ఫొటో మీద వేలు నొక్కిపట్టి దాచుకుంది. దాచుకున్నది పై పొర లేని అసలు ఫొటో. అందరి మొహాలూ బాగా వచ్చాయనుకుని సంతోషంగా, కింద రాసినదానితో సహా, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది. అది ఆ అమ్మాయి బంధువులెవరో చూశారు, వాళ్లనుంచి ఊళ్లు దాటి రేణుక మొగుడిదాకా చేరింది. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు.

"రేణుక ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను.

"డ్యూటీలో ఉందండి, గచ్చిబౌలిలో. ఇక్కడ లేదన్నాం. 'క్యాంటీన్ల జేస్తదని రాసిన్రు గద, ఆడికే వోతున్న' అని బండెక్కి వెళ్లిపోయాడు. ఆమె ఫోను తీయట్లేదు, పనిలో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు. మీరు దగ్గర్లో ఉన్నారు కదండి..."

రాసిన్రు అన్న మాట నా చెవిలో ఆగిపోయింది. రాసింది నేను. ఫొటో కింద వ్యాఖ్య నాదే: 'ఖాజాగూడ కేంద్రంలో శిక్షణ పొంది, నేడు గచ్చిబౌలిలోని ఒక ఐటీ క్యాంపస్ క్యాంటీన్‌లో ఉద్యోగం చేస్తున్న మహిళలు.' క్యాంపస్ పేరు రాయలేదని అప్పుడు తృప్తిపడ్డాను కూడా. పేరు లేకపోయినా గచ్చిబౌలిలో నాలుగు గేట్ల దగ్గర అడిగితే తెలిసిపోతుంది.

చీరకట్టుతో బైక్ ట్యాక్సీ ఎక్కడం నాకు అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. ఎక్కేముందు ఆ క్యాంపస్ సెక్యూరిటీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, రేణుక కోసం ఎవరొచ్చినా లోపలికి వదలొద్దని, ఆమె అక్కడ పనిచేస్తుందని కూడా చెప్పొద్దని బతిమాలాను. మీరెవరని అడిగాడు. నా హోదా చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ హోదా అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

నేను వెళ్లేసరికి రేణుక క్యాంటీన్ వంటగది వెనక నెత్తికి నెట్ క్యాప్ పెట్టుకుని టిఫిన్ ప్లేట్లు సర్దుతోంది. నన్ను చూసి నవ్వింది. విషయం చెప్పాను. నవ్వు ఆగిపోయింది కానీ ఏడవలేదు.

"మొహం రాదన్నరు గద మేడమ్."

"అన్నానమ్మా."

"మరెట్లొచ్చింది?"

పొరలు, ఫైళ్లు, ఏజెన్సీలు అని చెప్పబోయాను. రెండు మాటలకే ఆగిపోయాను. "మేము సరిగ్గా చూసుకోలేదు. తప్పు మాది. నాది" అన్నాను.

ఆమె ఏప్రన్ విప్పి మడతపెట్టి స్టీలు బల్ల మీద పెట్టింది. "పాప బళ్లె ఉంది. ముందుగాల పాపను తీస్కరావాలె. బడి పేరు గూడ రాసిన్రా ఏంది?" అని అడిగింది. లేదన్నాను. నమ్మినట్టు అనిపించలేదు. ఎందుకు నమ్మాలి?

అతను అప్పటికే ముందు గేటు దగ్గర ఉన్నాడు. సెక్యూరిటీవాళ్లు లోపలికి రానివ్వలేదు. బండి రోడ్డు పక్కన ఆపి, దాని మీదే కూర్చుని, బయటికొచ్చే ప్రతి ఆడమనిషి మొహం చూస్తున్నాడు. సరుకులు దించే వెనక గేటు దగ్గరికి విమల గారు ఆటోలో వచ్చారు. రేణుకను ఎక్కించుకుని, బడికి వెళ్లి ఏడేళ్ల పాపను తీసుకుని, నేరుగా మహిళా పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. ఫిర్యాదు తీసుకున్నారు. అతన్ని సాయంత్రం పిలిపించి హెచ్చరించి పంపారు. హెచ్చరిక అతనికి, ఊరు వదలడం ఆమెకు. ఆ వారంలోనే కేంద్రంవాళ్లు తల్లీకూతుళ్లను ఇంకో నగరానికి పంపించారు. ఎక్కడికని నేను అడగలేదు. తెలిసిన నోళ్లు తగ్గితేనే మంచిది.

ఆరోజు మధ్యాహ్నం ఆఫీసుకు తిరిగొచ్చి, వెబ్ కూర్పును వెంటనే తీసేయమన్నాను. తీసేయడానికి కూడా, ఎక్కించడానికి పట్టిన మూడు అనుమతులే కావాలన్నారు. ఒక అధికారి సెలవులో ఉన్నారు. ఇంకొకరు మీటింగులో ఉన్నారు. సోమవారం అడిగినది బుధవారం దిగింది. అంతకు ముందు ఏడాది వెబ్‌సైట్‌లో ఒక క్లయింటు గుర్తు పొరపాటున పడితే, కాఫీ చల్లారేలోపు తీసేయడం నేను కళ్లారా చూశాను. అప్పుడు ఏ అనుమతులూ గుర్తురాలేదు ఎవరికీ.

గురువారం సమీక్ష సమావేశం. ప్రభాకర్ గారు, న్యాయ విభాగం ప్రతినిధి, ఫణి, నేను. ప్రభాకర్ గారు ముందే ఒక నివేదిక తయారుచేయించి తెచ్చారు. అందులో జరిగినదాన్ని 'చిన్న ఫార్మాటింగ్ లోపం'గా రాశారు. బాధ్యుడి గడిలో ఫణి పేరు ఉంది.

"ఇంత పెద్దది చేయకండి గ్రేస్ గారూ. బ్లర్ చేశాం. కన్సెంట్ ఫారం ఉంది. ఎవరో సేవ్ చేసి స్టేటస్ పెట్టుకుంటే మనమేం చేస్తాం?" అన్నారు.

అంగీకార పత్రం సంగతి అడిగాను. రెండు పేజీల ఇంగ్లీషు. రేణుక తెలుగులో సంతకం పెట్టింది. అందులో ఫొటో వాడుకోవచ్చని ఉంది గానీ మొహం దాచాలని ఎక్కడా లేదు, ఎందుకంటే దానికి మా ఫారంలో గడే లేదు. ఆమె నోటితో అడిగింది, నేను నోటితో ఒప్పుకున్నాను.

తర్వాత లాప్‌టాప్ తెరిచి, దించేసిన వెబ్ కూర్పు ఫైలులో పదకొండో పేజీ తీశాను. ఫొటో మీద రెండు నొక్కులు. నలుగురి మొహాలూ తెర మీదికి వచ్చాయి. అదే ఫైలులో ఆరో పేజీ తీసి, తెల్లబోర్డు మీద పేరు చూపించమని న్యాయ విభాగం ఆయనతో అన్నాను. ఆయన ప్రయత్నించలేదు. రాదని ఆయనకు తెలుసు.

"ఈ కంపెనీకి దాచడం చేతకాదని నేను అనుకోవడం లేదు సార్. బోర్డు మీది పేరును ఎంత బాగా దాచామో చూడండి. చేతనవుతుంది. ఈ ఆడవాళ్ల విషయంలో చేయలేదు, అంతే. ఫణి మసకను వేరే పొరగా పెట్టింది ఎందుకు? పలచన చేయి, పలచన చేయి అని మీరు మూడుసార్లు అన్నందుకు. పని ఫైలు బయటికి పంపింది ఫణి కాదు. చూడకుండా వదిలింది నేను. ఇందులో ఫణి పేరు ఒక్కటే ఉంటే నేను సంతకం పెట్టను" అన్నాను. నా గొంతు పెరిగింది. దానికి ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఫణి తల వంచుకుని, "ఆమె బాగుందా మేడమ్?" అని అడిగాడు. నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న వేసింది అతనొక్కడే.

ఆ నివేదికపై నేను సంతకం పెట్టలేదు. వేరేది రాశాను. మొదటి పేరా నా తప్పుల మీదే: పని ఫైలును పరీక్షించకపోవడం, వెబ్ కూర్పును పైపైన చూసి మూసేయడం, వ్యాఖ్యలో రెండు ఊళ్ల పేర్లు రాయడం. ఆ తర్వాత మిగతావారివి. దాన్ని కంపెనీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, నా పై అధికారికి పంపాను. కమిటీ అందినట్టు జవాబిచ్చింది. ప్రభాకర్ గారికి ఏమీ కాలేదు. ఫణి పేరు మాత్రం తొలగించారు. రేణుకకు కంపెనీ తరఫున ఒక ఉత్తరం వెళ్లింది. 'ప్రియమైన లబ్ధిదారుకు' అని మొదలైంది, కింద ఎవరి సంతకమూ లేదు. విమల గారు దాన్ని ఆమెకు పంపకుండా నాకే తిరిగి ఇచ్చేశారు. "ఇది చదివితే ఇంకా బాధపడుద్దండి" అన్నారు. ఆ కాగితం చూసినప్పుడు వచ్చినంత కోపం నాకు సమావేశంలో కూడా రాలేదు.

నెల తర్వాత విమల గారి ఫోన్ నుంచి రేణుక ఒకసారి మాట్లాడింది. కొత్త చోట పని దొరికిందంది. పాపను మళ్లీ బడిలో వేయాలి, ఈ ఏడాదిలో మూడోది. ఫొటో తీసేశారా అని అడిగింది. తీసేశారన్నాను.

"మీ కాడ తీసేసిన్రు. ఆయన ఫోన్ల ఉంటది గద" అంది. తప్పు పట్టినట్టుగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టుగా అంది. క్షమించమని అడిగాను. "మీరొక్కరే వచ్చిన్రు మేడమ్, గది యాదుంది" అంది. క్షమించానని అనలేదు. అనాల్సిన అవసరం ఆమెకు లేదు.

ఆ తర్వాత మా విభాగానికి ఒక పద్ధతి రాశాను. మొహం వద్దన్నవారి మొహాన్ని అసలు కెమెరాకే చూపించకూడదు. ఎదురుగా తీయక తప్పకపోతే, నకలులో చెరిపి పొరలు కలిపి, డిజైనర్ కాని ఇంకొకరు దాన్ని వెనక్కి తేవడానికి ప్రయత్నించి ఓడిపోవాలి. వ్యాఖ్యలో ఊరు, పనిచేసే చోటు ఉండకూడదు. అంగీకార పత్రం వారికి వచ్చిన భాషలో ఉండాలి, అందులో వద్దు అని చెప్పడానికి గడి ఉండాలి. కంపెనీ దాన్ని సూచనల కింద ఉంచింది. అంటే పాటించకపోయినా ఎవరూ అడగరు. ఏడాది తర్వాత ఒక విదేశీ క్లయింటు తనిఖీకి వచ్చి ఇలాంటి నియమాలేమైనా ఉన్నాయా అని అడిగాక, అదే కాగితం ఒక్క అక్షరం మార్చకుండా తప్పనిసరి నియమం అయింది. రేణుక కోసం కానిది తనిఖీ కోసం అయింది. మరుసటి సంవత్సరం నివేదిక పని నాకు ఇవ్వలేదు. ఇంకో ఏడాదికి విరమించాను.

ప్రూఫు చూసినప్పుడు నేను పుస్తకాన్ని అందుకునేవారి కళ్లతో చూశాను. వాళ్లకు మొహం కనబడదు, అది చాలనుకున్నాను. ఆ ఫొటోను చూడాల్సింది ఆమె కోసం వెతుకుతున్న మనిషి కళ్లతో. అతను ఫొటోను నొక్కి చూస్తాడు, కింద రాసినది రెండుసార్లు చదువుతాడు, ఊరు పేరు పట్టుకుని గేటు గేటుకూ తిరుగుతాడు. మొహం దాచే పని చేసేవారు ముందు ఎవరి నుంచి దాస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. ఎవరి నుంచో రేణుక నేను అడగకుండానే చెప్పింది, అతను ఎలా వెతుకుతాడన్న ఒక్క ప్రశ్న నేను ఆమెను అడగలేదు.